కూనపులివారి పటం, పిల్లల పాఠం

పద్మశాలి వాడలో కథ చెప్పడానికి కూనపులివారు పటం కట్టినప్పుడు దాన్నంతా ఒకేసారి విప్పి చూపరు. 40 అడుగులు దాటే బట్ట చుట్టగానే ఉంటుంది. కథ ఎందాకా నడిస్తే అందాకే విప్పుతారు. మొదట గణపతి కనిపిస్తాడు. ఆ తర్వాత దేవతలు, ఆ తర్వాత బిడ్డలు లేక తపస్సు చేస్తున్న మృకండు మహర్షి, ఆయన భార్య మరుద్వతి. కథకుడు పుల్లతో ఒక్కో బొమ్మనూ చూపుతూ కాసేపు పాడతాడు, వచనంలోకి దిగి విడమరిచి చెబుతాడు, వంతవాళ్లు అందుకుంటారు, పుల్ల పక్క బొమ్మ మీదికి జరుగుతుంది. ఒక్క రాత్రితో తెమిలే కథ కాదు. వినేవాళ్లలో ముసలివాళ్లుంటారు, పిల్లలుంటారు. ఒకప్పుడైతే అక్షరం ముక్క రానివాళ్లే ఎక్కువ. అంత పొడుగు కథ అంతమంది మనసుల్లో చెదరకుండా నిలబడిందంటే అందులో సగం గొంతు చలవ, సగం ఆ బట్ట చలవ.

చదివింది అర్థం కావడానికి బొమ్మ ఎలా సాయపడుతుంది అన్న మాట ఇప్పుడు బడుల్లో బాగా నలుగుతోంది. గ్రాఫిక్ ఆర్గనైజర్, మైండ్ మ్యాప్, స్టోరీ మ్యాప్, ఫ్లో చార్ట్ అంటూ టీచర్ల శిక్షణ తరగతుల్లో పేర్లు మోగుతున్నాయి. ఇవన్నీ కొత్తగా దిగుమతి అయిన సరుకని బెదిరిపోనక్కర్లేదు. ఆ పని ఈ పటాలు వేసే తెలంగాణ నకాషీ చిత్రకారుడు వందల ఏళ్లుగా చేస్తున్నాడు. చాలా విషయాల్లో మన వర్క్‌షీట్లకంటే మెరుగ్గా చేస్తున్నాడు. ఎలా చేస్తున్నాడో దగ్గరగా చూసి, అందులోంచి మహారాష్ట్రలోని భివండీ పిల్లలకు పనికొచ్చేదేమిటో వెతకడం ఈ వ్యాసం ఉద్దేశం.

భివండీయే ఎందుకంటే, ఈ పటం ఎవరి కథ చెబుతుందో ఆ కులంవాళ్ల పిల్లలు అక్కడ ఉన్నారు. వరాలదేవి గుడి, దాని పక్కన వరాలా తలావ్, ఆ దగ్గరలోనే పద్మనగర్. కరీంనగర్, వరంగల్, నల్గొండ పల్లెల్లో చేతిమగ్గం కూడు పెట్టని రోజుల్లో బయల్దేరిన పద్మశాలీలు ముంబై, షోలాపూర్, సూరత్‌లతో పాటు ఇక్కడా మరమగ్గాల మధ్య బతుకు వెతుక్కున్నారు. వాళ్ల మనవళ్లు, మునిమనవళ్లు ఇంట్లో తెలంగాణ తెలుగు మాట్లాడతారు, సందులోకి వస్తే హిందీ, అంగడి బోర్డు మీద ఉర్దూ, బడి పుస్తకంలో మరాఠీ లేదా ఇంగ్లిష్. అక్షరాలు కూడబలుక్కోవడం ఈ పిల్లలకు పెద్ద కష్టం కాదు. పేజీ మొత్తం గడగడా చదివి, "ఏం చదివావు బిడ్డా?" అంటే నీళ్లు నమలడం దగ్గరే అసలు చిక్కు.

పూత

నకాషీ పనికి ఇప్పుడు పేరున్న ఊరు చేర్యాల. ఒకప్పుడు వరంగల్ జిల్లాలో ఉండేది, ఇప్పుడు సిద్దిపేట జిల్లా. చిత్రకారుడు ముందు బట్టను సిద్ధం చేసుకుంటాడు. నూలుబట్ట మీద గంజి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల ముద్ద, జిగురు కలిపి పూస్తాడు. అది ఆరాక మళ్లీ పూత, అది ఆరాక మరో పూత. దీనివల్ల రెండు లాభాలు. రంగు బట్టలోకి పీల్చుకుపోయి అంచులు అలుక్కుపోవు, గీసిన గీత గీసినచోటే నిలుస్తుంది. రెండోది, చుట్టినా విప్పినా పూత పెచ్చులూడదు. ఏళ్ల తరబడి ఊరూరా తిరగాల్సిన వస్తువు కదా, అందం కంటే ముందు మన్నిక చూసుకోవాలి.

రంగులు కూడా అంతే ఓపికతో వస్తాయి. గవ్వల పొడి నుంచి తెలుపు, దీపపు మసి నుంచి నలుపు, ఇంగిలీకం నుంచి ఎరుపు, నీలిమందు నుంచి నీలం. ఉడత వెంట్రుకలు కట్టిన కుంచెతో నేరుగా బట్ట మీద రూపురేఖలు గీస్తారు. నేపథ్యం ఎరుపు నింపుతారు, ఒళ్లు, బట్టలు, నగలు ఒక్కో విడతగా దిద్దుతారు. చివర్లో సన్నని నల్లగీత ప్రతి రూపాన్నీ పక్కదాని నుంచి విడదీస్తుంది. ధనాలకోట వైకుంఠం వంటి నకాషీలు ఈ పనిని మన కాలం దాకా తీసుకొచ్చారు. పటాలకు గిరాకీ తగ్గినా ముఖతొడుగులు, బొమ్మలు, గోడకు వేలాడే చిన్న చిత్రాల రూపంలో ఈ కళ బతుకుతోంది.

ఆ పటాన్ని చిత్రకారుడు తన ఇష్టానికి వేసేవాడు కాదు. కథ చెప్పేవాళ్లు వచ్చి వేయించుకునేవాళ్లు. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ పురాణం, వాళ్ల మూలపురుషుడు భావనా ఋషి కథ చెబుతారు. ముదిరాజులకు కాకిపడగలవాళ్లు పాండవుల కథ చెబుతారు, మాదిగలకు డక్కలివాళ్లు జాంబపురాణం చెబుతారు. కులానికో కథ, కథకో పటం ఉన్నా వేసే చెయ్యి మాత్రం ఒక్కటే. అందువల్ల కథ ఏదైనా దాన్ని బట్ట మీద పరిచే పద్ధతి ఒకటిగా కుదురుకుంది. అసలు పనితనం ఆ పద్ధతిలో ఉంది. ఈ సంప్రదాయం ఎంత పాతదంటే, హైదరాబాద్‌లోని జగదీశ్, కమలా మిత్తల్ మ్యూజియం సేకరణలో 17వ శతాబ్దపు భావనా ఋషి పటం ఉంది.

పట్టీ, రంగు, చెట్టు

మూడడుగుల వెడల్పు బట్టను చిత్రకారుడు అడ్డంగా పట్టీలుగా విభజిస్తాడు. పట్టీకీ పట్టీకీ మధ్య పూలతీగ అంచు. పై పట్టీ అయ్యాకే కింది పట్టీ. ఒక పట్టీలో రెండు మూడు సంఘటనలుంటే వాటి మధ్య ఒక చెట్టో, స్తంభమో, ద్వారమో, తెరో నిలబడుతుంది. పద్ధతి చూస్తే చాలా మామూలుగా ఉంటుంది. కానీ ఒక ఘట్టం ఎక్కడ ముగిసిందో, ఇంకోటి ఎక్కడ మొదలైందో చూసేవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. అచ్చు పుస్తకంలో పేరాగ్రాఫ్ చెయ్యాల్సిన పని ఇదే. పిల్లలకు పేరా మారడం అంటే కొంచెం ఖాళీ వదలడం అనిపిస్తుందే తప్ప విషయం మలుపు తిరిగిందని తట్టదు. పటంలోని పూలతీగ ఆ మలుపును కంటికి కట్టిస్తుంది.

రెండో నేర్పు మనుషుల్ని గుర్తుపట్టించడంలో ఉంది. మృకండుడి కొడుకు మార్కండేయుడు ఒక పట్టీలో పుడతాడు, ఇంకో పట్టీలో లింగాన్ని కౌగిలించుకుని యముడి పాశానికి ఎదురు నిలుస్తాడు, మరో పట్టీలో హోమం చేస్తాడు. ఎన్నిసార్లు వచ్చినా గుర్తుపట్టే ఆనవాళ్లుంటాయి. మేని రంగులకూ కట్టుబాటుంది. దేవుళ్లకు నీలం, అమ్మవార్లకు పసుపు, రాక్షసులకు ముదురు గోధుమ, మనుషులకు గులాబీ ఛాయ. ముఖ్యమైనవాళ్లు పెద్దగా, చుట్టూ ఉన్నవాళ్లు చిన్నగా. దాంతో "వీడెవడు?" అన్న సందేహానికి చోటుండదు. చదివే పిల్లవాడు ఎక్కువసార్లు దారి తప్పేది సరిగ్గా ఇక్కడే. పాఠంలో మొదటి వాక్యంలో పేరుంటుంది, రెండో వాక్యంలో "అతడు", మూడో వాక్యంలో "ఆ మహానుభావుడు", నాలుగో వాక్యంలో క్రియ ఒక్కటే ఉండి కర్త మాయమవుతాడు. తెలుగులో కర్తను వదిలేయడం మరీ సహజం. పెద్దవాళ్లకు అలవాటైపోయిన ఈ దాగుడుమూతలు పదేళ్ల పిల్లకు పెద్ద అడ్డంకి. ఏ పాత్ర ఎక్కడెక్కడ కనిపిస్తుందో పక్కన ఒక వరుసలో రాసుకునే చిన్న పట్టిక ఈ చిక్కును విప్పేస్తుంది.

మూడో నేర్పు వదిలేయడం. వెనక ఎరుపు తప్ప ఆకాశం లేదు, కొండల వరుస లేదు. అడవి అంటే రెండు చెట్లు, రాజభవనం అంటే ఒక ద్వారబంధం. కథకు పనికిరాని గీత ఒక్కటీ కనబడదు. వేషాలు, నగలు, ఇళ్లు కూడా తెలంగాణ పల్లెలో కళ్ల ముందు కనిపించేవే. అందువల్ల దేవలోకం కథైనా చూసేవాడికి పరాయిదిగా ఉండదు, కొత్తగా అర్థం చేసుకోవాల్సినదల్లా కథే. పాఠ్యపుస్తకాల్లో బొమ్మలు వేసేవాళ్లు, తరగతి గోడకు చార్టులు అంటించేవాళ్లు ఈ ఒక్క గుణం నేర్చుకున్నా చాలు. ఆకర్షణ కోసం చేర్చిన సంబంధం లేని బొమ్మలు, ముచ్చట్లు అసలు విషయం నుంచి చదువరిని పక్కకు లాగుతాయని విద్యా మనోవిజ్ఞానంలో పరిశోధనలు చూపించాయి. మెరుపు కాగితాలు, నవ్వే సూర్యుళ్లు, మూలన పూలకుండీ ఉన్న చార్టు గోడకు అందం. పాఠానికి భారం.

బొమ్మలా, బొమ్మల మధ్య బంధమా?

పటం మహిమ బొమ్మల్లో ఉందా, వాటిని పేర్చిన తీరులో ఉందా? దీనికి జవాబు చెప్పే ప్రయోగం ఒకటి అమెరికాలో జరిగింది. 1972లో జాన్ బ్రాన్స్‌ఫర్డ్, మార్షియా జాన్సన్ అనే మనోవిజ్ఞానవేత్తలు విద్యార్థులకు ఒక చిన్న వచనం వినిపించారు. అందులో కష్టమైన మాట ఒక్కటీ లేదు. బుడగలు పేలితే శబ్దం చేరదనీ, కిటికీలు మూసి ఉంటే వినపడదనీ, తీగ తెగితే కరెంటు ఆగిపోతుందనీ ఇలా సాగుతుంది. అన్ని వాక్యాలూ తెలుస్తాయి, మొత్తం మాత్రం ఒక్క ముక్క అర్థం కాదు. దీనికొక బొమ్మ ఉంది. మేడమీది కిటికీలో అమ్మాయి, కింద గిటారుతో అబ్బాయి, అతని పాట ఆమెకు వినిపించేందుకు బుడగలకు కట్టి పైకి పంపిన లౌడ్‌స్పీకర్.

బొమ్మ ముందే చూసి విన్నవాళ్లు అందులోని 14 భావాల్లో సగటున 8 గుర్తు తెచ్చుకున్నారు. విన్న తర్వాత బొమ్మ చూసినవాళ్లకు 3.6 మాత్రమే దక్కాయి. అసలు బొమ్మే చూడనివాళ్లకంటే వీళ్లు ఏమీ మెరుగు కాదు. ఇంతకంటే ముఖ్యమైనది మరో గుంపు సంగతి. వాళ్లకు అవే వస్తువులున్న బొమ్మ ముందే చూపించారు. అదే అబ్బాయి, అదే అమ్మాయి, అవే బుడగలు. కానీ ఒకదానికొకటి ఉన్న సంబంధం చెదరగొట్టి చూపించారు. వాళ్ల సగటు 4 దాటలేదు.

ఆ చివరి గుంపును గుర్తుంచుకోవాలి. వస్తువుల్ని చూపినంత మాత్రాన అర్థం తెలియదు. ఏది దేనికి ఎలా ముడిపడిందో చూపితేనే తెలుస్తుంది. నకాషీ పట్టీలు, పూలతీగలు, మేని రంగులు, పెద్దా చిన్నా కొలతలు అన్నీ ఆ ముడిని చూపే సాధనాలే. పాఠంలో ఏనుగు అనే మాట ఉందని పక్కన ఏనుగు బొమ్మ అచ్చువేయడం వేరు. ఆ ఏనుగు పాఠంలో ఎవరికి అడ్డొచ్చిందో, దాంతో ఏం జరిగిందో గీసి చూపడం వేరు.

పటం ముందా, కథ ముందా అన్నదాంట్లో మాత్రం కూనపులివారికీ బడికీ తేడా ఉంది. పటం కొంచెం కొంచెంగా విప్పితే సరిపోతుంది, ఎందుకంటే వినేవాళ్లకు కథ మొత్తం మీద తెలిసినదే. శివుడు వస్తాడని తెలిసే యముడి పాశం దగ్గర ఊపిరి బిగబడతారు. బడి పాఠం అలా కాదు, పిల్లవాడికి అది పూర్తిగా కొత్త. అతనికి మొదట మొత్తం ఆకారం కనబడాలి, ఆ తర్వాత ఒక్కో పట్టీ విప్పాలి. డేవిడ్ ఆసుబెల్ 1960లో ఇదే చెప్పాడు. వివరాల్లోకి వెళ్లేముందు వాటిని తగిలించుకోవడానికి ఒక కొక్కెం లాంటి పై భావాన్ని ముందే అందిస్తే నేర్చుకున్నది నిలుస్తుందని ఆయన వాదం. ముందస్తు ఆర్గనైజర్ అనే ఆలోచన అక్కడి నుంచే విద్యారంగంలో పాతుకుంది.

బడిలోకి వచ్చిన పటాలు

బొమ్మతో చదువు చెప్పడం ఐరోపాలోనూ పాతదే. మన భావనా ఋషి పటం పుట్టిన 17వ శతాబ్దంలోనే, 1658లో, కొమీనియస్ అనే పండితుడు నురెంబర్గ్‌లో పిల్లల కోసం బొమ్మల పుస్తకం అచ్చువేయించాడు. బొమ్మలో ప్రతి వస్తువుకూ ఒక అంకె, పక్క పాఠంలో అదే అంకె. చూపునూ మాటనూ కలిపే దారం ఆ అంకె. కథకుడి చేతి పుల్లను కాగితం మీద పెట్టినట్టు ఉంటుంది.

ఆ తర్వాతివి చకచకా చెప్పుకోవచ్చు. జాన్ వెన్ 1880లో తర్కశాస్త్రం కోసం గీసిన వలయాలు ఇవాళ రెండు విషయాల పోలికలు, తేడాలు చూపడానికి ప్రతి తరగతిలోనూ ఉన్నాయి. కార్నెల్ విశ్వవిద్యాలయంలో జోసెఫ్ నోవాక్ బృందం 1970లలో భావచిత్రాన్ని తీర్చిదిద్దింది. దాని ప్రత్యేకత ఏమిటంటే రెండు భావాల మధ్య గీత గీస్తే సరిపోదు, ఆ గీత మీద సంబంధం ఏమిటో కూడా రాయాలి. డోనా ఓగ్ల్ 1986లో మూడు గళ్ల పట్టికను ప్రచారంలోకి తెచ్చింది. నాకు ముందే తెలిసింది ఒక గడిలో, తెలుసుకోవాలనుకున్నది రెండో గడిలో, చదివాక తెలిసింది మూడో గడిలో. 2000లో అమెరికా నేషనల్ రీడింగ్ ప్యానెల్ అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ వడపోసి, అవగాహన పెంచే గట్టి పద్ధతులుగా ఏడింటిని ఎంచింది. వాటిలో గ్రాఫిక్ ఆర్గనైజర్లు ఒకటి. ప్రశ్నలు వేసుకోవడం, సారాంశం చెప్పడం వంటి వాటితో కలిపి వాడితే ఫలితం ఇంకా బాగుంటుందని కూడా చెప్పింది.

మన తెలుగు రాష్ట్రాల వాచకాల్లో పాఠానికి ముందు బొమ్మ ఇచ్చి పిల్లల చేత మాట్లాడించడం, పాఠం తర్వాత పట్టిక నింపించడం ఇప్పుడు మామూలు విషయమే. మహారాష్ట్రలో 1967 నుంచి పుణె కేంద్రంగా పనిచేస్తున్న బాలభారతి తెలుగులోనూ పాఠ్యపుస్తకాలు అచ్చువేస్తుంది. అంటే భివండీ పిల్లవాడు మరాఠీ బడికి వెళ్లినా, తెలుగు బడికి వెళ్లినా, ఇంగ్లిష్ బడికి వెళ్లినా ఏదో ఒక రూపంలో ఈ గళ్లు అతని ముందుకు వస్తూనే ఉంటాయి. వాటిని నింపడంలో పస ఉందా లేదా అన్నదే ప్రశ్న.

తలావ్ ఒడ్డున రెండు పాఠాలు

పద్మనగర్ పిల్లలకు దగ్గరైన విషయాలతోనే చూద్దాం. మొదటిది నూలు బట్టగా మారే తీరు. పాఠంలో ఇది ఒక పేజీ ఉంటుంది. యారన్ కట్టలు వస్తాయి, వార్పింగ్‌లో పడుగు పోగులు వరుసపెడతారు, సైజింగ్‌లో వాటికి గంజి పట్టించి బీమ్‌కు చుడతారు, బీమ్ మగ్గానికి ఎక్కుతుంది, పేక పోగు పడుగులోంచి పరుగెత్తి బట్ట తయారవుతుంది. ఆ బట్ట ఇంకా గ్రే, అంటే రంగూ మెరుగూ లేని ముడిబట్ట. అది ప్రాసెసింగ్‌కు వెళ్తుంది. ఇలాంటి పాఠానికి బాణాల వరుస సరిగ్గా కుదురుతుంది. అయితే పిల్లవాడు డబ్బాల్లో పేర్లు రాసి ఊరుకుంటే పని సగమే అయినట్టు. ప్రతి బాణం మీద "ఇది చేయకపోతే ఏమవుతుంది?" అన్నదానికి జవాబు రాయించాలి. సైజింగ్ చేయకపోతే పోగు మగ్గం ఒరిపిడికి తెగుతుంది. ఈ జవాబు పుస్తకంలో ఉండకపోవచ్చు, ఇంట్లో నాన్న చెబుతాడు. బాణం మీద రాసిన ఆ ఒక్క వాక్యంతో పాఠం బట్టీ నుంచి అవగాహనలోకి వస్తుంది.

రెండోది చరిత్ర పాఠం. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో ముంబై బట్టల మిల్లుల కార్మికులు సమ్మెకు దిగారు. సుమారు 2.5 లక్షల మంది. సమ్మె గెలవలేదు, మిల్లులు ఒక్కొక్కటే మూతపడుతూ వచ్చాయి, భివండీ మరమగ్గాలకు పని పెరిగింది. ఇదంతా చదివిన పిల్లను "భివండీలో మగ్గాలు ఎందుకు పెరిగాయి?" అని అడిగితే "సమ్మె వల్ల" అంటుంది. తప్పు కాదు, కానీ చాలదు. ఇక్కడ వరుస బాణాలు మోసం చేస్తాయి, ఒకదాని తర్వాత ఒకటి జరిగినంత మాత్రాన మొదటిదే కారణం అనిపిస్తుంది. దీనికి చేప ముల్లులా నాలుగు వైపుల నుంచి వచ్చి కలిసే బొమ్మ కావాలి. మిల్లుల మూత ఒక ముల్లు. బట్టకు గిరాకీ తగ్గకపోవడం ఇంకో ముల్లు. చిన్న షెడ్లలో కూలి తక్కువ, ఫ్యాక్టరీ చట్టాల పట్టు తక్కువ కావడం మూడోది. సమ్మెకు చాలా ముందు నుంచే మరమగ్గాలు పెరుగుతూ ఉండడం నాలుగోది. బొమ్మ రూపం మారగానే ప్రశ్న కూడా లోతెక్కుతుంది.

ఏ పాఠానికి ఏ బొమ్మ అన్నది ఇక్కడే తేలుతుంది. క్రమంగా జరిగేదానికి బాణాల వరుస. చేతిమగ్గం, మరమగ్గం వంటి పోలికలకు రెండు వలయాలు. పడుగు, పేక, నాడె రెండింటికీ ఉమ్మడి, కాబట్టి మధ్యలోకి వస్తాయి. కాళ్ల తొక్కుడు ఒక పక్క, కరెంటు మోటారు మరో పక్క. కథకు పట్టీలు. వంశానికి చెట్టు. కారణాలకు ముళ్లు. కవితకు ఇవేవీ వద్దు, దాన్ని గళ్లలో పెడితే ప్రాణం పోతుంది. నకాషీ కూడా పాటను బొమ్మగా వేయడు, కథను వేస్తాడు. పాటను గొంతుకే వదిలేస్తాడు.

ఇంకో లాభం ఈ ఊరికి ప్రత్యేకం. మరాఠీ పాఠాన్ని చదివి గీసిన బాణాల్ని తెలుగులో నింపినా అర్థం చెడదు. సంబంధానికి భాష అడ్డు కాదు. కాకిపడగల పటానికైనా కూనపులి పటానికైనా ఒకే పట్టీలు సరిపోయినట్టే, ఒక భాషలో నేర్చుకున్న కారణం-ఫలితం బొమ్మ మరో భాషలోని పాఠానికి సరిపోతుంది. పిల్ల ముందు ఇంటిభాషలో విషయాన్ని నిలబెట్టుకుని, ఆ తర్వాత మరాఠీ మాటో ఇంగ్లిష్ మాటో ఆ డబ్బాలోకి తెచ్చుకుంటుంది. నాలుగు భాషల మధ్య పెరిగే పిల్లకు ఇంతకంటే గట్టి ఊతం దొరకడం కష్టం.

గీసే చెయ్యి ఎవరిది?

ఈ పద్ధతులు మన బడుల్లో అనుకున్నంత ఫలించకపోవడానికి కారణం ఊహించడం కష్టం కాదు. బొమ్మను పెద్దవాళ్లు గీసి ఇస్తారు, పిల్లలు ఖాళీలు నింపుతారు. జిరాక్స్ తీసిన మైండ్ మ్యాప్ మీద పాఠంలోంచి మాటలు ఏరి పెడతారు. అది చేతిరాత సాధన అవుతుంది. ఏది ముఖ్యమో, ఏది వివరమో, ఏది దేనికి కారణమో నిర్ణయించే అవకాశం పిల్లలకు దక్కకుండా పోతుంది. అవగాహన ఆ నిర్ణయంలోనే ఉంది.

నకాషీ పటం ఆ విషయంలో కూడా దారి చూపుతుంది. చిత్రకారుడు గీస్తాడు, కానీ పటం మాట్లాడదు. మృకండుడికి శివుడు రెండు వరాల్లో ఒకటి కోరుకోమన్నాడనీ, దీర్ఘాయుష్షు ఉన్న మందమతి కంటే పదహారేళ్లే బతికే గుణవంతుడైన కొడుకునే ఆయన కోరుకున్నాడనీ బొమ్మలో కనబడదు. హోమంలో పుట్టిన భావనా ఋషి తామరతూడు నారతో దేవతలకు వస్త్రాలు ఎందుకు నేశాడో, సూర్యుడి కూతురు భద్రావతిని ఎలా పెళ్లాడాడో, పులినెక్కి కాలవాసురుడితో ఎందుకు పోరాడాడో కథకుడు చెప్పాల్సిందే. పటం వరుసనూ సంబంధాన్నీ పట్టుకుని నిలబడుతుంది. కారణం, భావం, బాధ అన్నీ చెప్పేవాడి నోట పలకాలి. చెప్పేవాడు లేకపోతే పటం ఉత్త బట్టే. అందుకే చిరిగి పాతబడిన పటాలను నదిలో నిమజ్జనం చేసేవాళ్లు. వాటికి ప్రాణం పోసింది చెప్పడమే కాబట్టి, చెప్పడం అయిపోయిన పటాన్ని మామూలు గుడ్డలా చూడలేదు.

కాబట్టి టీచర్లకు ఒక మనవి. ఈ వారం పాఠంలో ఒక్కదానికైనా అచ్చు వర్క్‌షీట్ పక్కన పెట్టి తెల్లకాగితం ఇవ్వండి. పాఠం మొదలుపెట్టకముందే దాని మొత్తం ఆకారం బోర్డు మీద రెండు మూడు గీతల్లో చూపండి. చదివాక పిల్లల్నే పట్టీలు గీయమనండి, ఎన్ని పట్టీలో వాళ్లనే తేల్చుకోనివ్వండి. ఇద్దరి కాగితాలు రెండు రకాలుగా వస్తే మంచిదే, ఎవరిది ఎందుకు సరైందో వాదించుకోనివ్వండి. ఆ వాదనలోనే పాఠం అర్థమవుతుంది. ప్రతి బాణం మీదా ఒక క్రియాపదం ఉండాలని మాత్రం పట్టుబట్టండి.

పద్మనగర్ అమ్మానాన్నలకు ఇంకో మనవి. మరాఠీ రాదనో, ఇంగ్లిష్ రాదనో పిల్లల చదువు నుంచి తప్పుకోకండి. బిడ్డ గీసిన కాగితం గోడకు అంటించండి, చేతికి ఒక పుల్ల ఇవ్వండి, "మొదటి బొమ్మ నుంచి చెప్పు" అని కూర్చోండి. పిల్ల ఎక్కడ ఆగిపోతే అక్కడ అర్థం కాలేదని మీకు తెలుస్తుంది, ఆ భాష మీకు రాకపోయినా తెలుస్తుంది. మీ కులపురాణాన్ని మీ తాతలకు కూనపులివారు ఇలాగే చెప్పారు. చదివినదాన్ని తిరిగి చెప్పగలిగిన బిడ్డకు ఆ చదువు వచ్చినట్టే.